మా తాతల జాడ - 6: బాప్తిస్మం రిజిస్టరు, అడంగల్, దక్కలోళ్ళ పటం

మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆర్కైవ్స్‌కి పోతే మనకేం దొరుకుతుంది? రాసినోళ్ళంతా వాళ్ళే కదా. మన పేర్లు వాళ్ళెందుకు రాస్తారు?" యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలు చాలామంది ఇదే మాట అంటారు. కోపం న్యాయమైనదే, లెక్కే తప్పు. వాళ్ళు మన పేర్లు రాశారు. ప్రేమతో కాదు, పనిబడి రాశారు. వెట్టికి రాశారు, శిస్తుకు రాశారు, బాప్తిస్మానికి రాశారు, కూలికి ఓడెక్కించడానికి రాశారు. మనతో ఎవరికి ఏ పని పడిందో తెలుసుకుంటే మనం ఏ ఊరి బస్సెక్కాలో తెలుస్తుంది.

ముందు దొరకనిదేమిటో చెప్తాను, డబ్బులు దండగ కాకుండా. జనాభా లెక్కలు. ఇంగ్లండులో 1921 లెక్కల కాగితాలు నూరేళ్ళు నిండాక 2022 జనవరిలో జనానికి తెరిచారు. అమెరికాలో 1950 లెక్కలు అదే ఏడు ఏప్రిల్లో తెరిచారు. అక్కడి కూలివాడి మనవడు కూడా తాత ఏ ఇంట్లో, ఎవరితో, ఏ పని చేసుకుంటూ ఉన్నాడో చూసుకోవచ్చు. మనకూ తెల్లవాడు లెక్కలు తీశాడు. కులాలవారీగా తీశాడు. కానీ ఇంటింటికీ తిరిగి రాసిన కాగితాలు దాచలేదు, కూడికలు మాత్రమే మిగిల్చాడు. 1931 రిపోర్టులో మాలలెంతమందో, మాదిగలెంతమందో ఉంటుంది. మీ తాత ఉండడు. మనం అంకెలో ఒకటిగా ఉన్నాం, అంతే.

ఇంకో విచిత్రం చూడండి. ఊరొదిలి పోయినోళ్ళ పేర్లు ఊళ్ళో మిగిలినోళ్ళ పేర్లకంటే భద్రంగా ఉన్నాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బన్‌లో ఆగింది. అక్కణ్ణుంచి 1911 దాకా 1,52,184 మంది కూలి ఒప్పందం మీద నేటాల్‌కి పోయారు. ఎక్కువమంది మద్రాసు రాష్ట్రంవాళ్ళే, అందులో మన తెలుగోళ్ళూ ఉన్నారు. ఆ ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. పారిపోతే పట్టుకోడానికి ఒంటిమీద మచ్చలు కూడా రాశారు. మారిషస్‌లో అయితే మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రిజిస్టర్లతోపాటు కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఐదో తరం మనిషి తన ముత్తాత పుట్టిన ఊరు వెతుక్కుంటూ మన జిల్లాకొస్తే, ఆయన చేతిలో కాగితం ఉంటుంది. అదే వాడలో పుట్టి అదే వాడలో ఉన్న మన చేతిలో ఏమీ ఉండదు. మీ ఇంట్లో ఎవరైనా "సముద్రం దాటి పోయాడు, మళ్ళీ రాలేదు" అనే మాట ఉంటే దాన్ని కథగా వదిలెయ్యకండి.

ఇక బాప్తిస్మం రిజిస్టర్లు. కోస్తాలో, రాయలసీమలో మనకు దొరికే పెద్ద నిధి ఇదే. ఇది ఎవరికి నచ్చినా నచ్చకపోయినా నిజం. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరులో 1842 నుంచి లూథరన్లు, బందరులో సి.ఎం.ఎస్., కడపలో లండన్ మిషన్, మెదక్‌లో వెస్లియన్లు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకి తీసుకొని మనోళ్ళకు కూలి ఇప్పించిన క్లౌ దొర, 1878 జులైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. వాళ్ళల్లో ఎక్కువమంది మాదిగలు. ఈ మిషన్ల ఉత్తరాలు, రిపోర్టులు ఇప్పుడు అట్లాంటాలో, బర్మింగ్‌హాంలో, లండన్ సోయాస్‌లో ఉన్నాయి. ఫారిన్ స్కాలర్‌షిప్ దొరికిన మన పిల్లలు అక్కడికి పోయినప్పుడు థీసిస్‌కి కావలసింది చూసుకుని, ఒక్క మధ్యాహ్నం సొంత ఊరి కోసం కేటాయించమని నా మనవి. కానీ ఊరి సంఘం రిజిస్టరు చాలాసార్లు ఇక్కడే, పాత చర్చి బీరువాలోనే ఉంటుంది. చెదలు పట్టి ఉంటుంది.

నేను చూసిన ఒక రిజిస్టరులో మా తాత తల్లి ఉంది. ఆ పేజీ చూడడానికి అయ్యగారి ఇంటికి మూడుసార్లు తిరిగాను. పేరు, తండ్రి పేరు, పల్లె, తేదీ. ఆమె పేరు కాగితం మీద నేను చూసింది ఆ ఒక్కచోటే. ఆమె పేరున గజం భూమి లేదు, ఆమె ఓటు వేసే కాలానికి బతికి లేదు. ఇంట్లో మేం విన్న పేరు వేరు, అక్కడున్న పేరు వేరు. ఇది మీకూ ఎదురవుతుంది. పోలయ్య పౌలవుతాడు, ఎల్లయ్య ఏలియా అవుతాడు. ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు. కాబట్టి పేరు పట్టుకుని వెతకొద్దు. పల్లె పట్టుకుని వెతకండి, ఒకే రోజు బాప్తిస్మం పొందినవాళ్ళు ఎవరో చూడండి. అన్నదమ్ములు, వియ్యంకులు గుంపుగా వెళ్ళేవాళ్ళు. ఆ గుంపే మీ వంశవృక్షం.

ఇక్కడే అసలు చిక్కు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దగ్గర వాళ్ళకి బీసీ-సి, ఒక్క శాతం. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఎస్సీ సర్టిఫికెట్ కేసులో సుప్రీంకోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆమె చిన్నప్పటి బాప్తిస్మం కూడా అందులో లెక్కలోకి వచ్చింది. అంటే ఏమిటి? మా జేజెమ్మ పేరున్న ఒకే ఒక్క కాగితం, రేపు నా మేనకోడలి సర్టిఫికెట్ మీద ఫిర్యాదుకు సాక్ష్యం కావచ్చు. బ్రాహ్మణుడి గోత్రం ఆయనకు గౌరవం. మన వంశం కాగితం మనకు కేసు. అందుకే కొన్ని చోట్ల సంఘ పెద్దలు రిజిస్టరు చూపించరు. నేను వాళ్ళని తప్పుపట్టను.

నా వాదన మాత్రం సూటిగా చెప్తాను. ఆ రిజిస్టరులో పేరు పక్కన ఉన్నది మతం ఒక్కటే కాదు, మాదిగపల్లె అనో మాలపల్లె అనో కూడా ఉంది. మతం మారిన రోజున కూడా వాడ మారలేదని, బావి మారలేదని చెప్పే సాక్ష్యం అది. దాన్ని అట్లా చదవమని 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్ ముందుకి కట్టలు కట్టలుగా తీసుకుపోవలసింది మనమే. కానీ దానికీ ఒక పద్ధతి ఉంది. మీ ఇంటి పేజీ మీరు ఫొటో తీసుకోండి, ఇంట్లో పెట్టుకోండి. పక్కింటివాళ్ళ పేర్లున్న పేజీని ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఆవేశంలో పెట్టిన ఒక్క ఫొటో ఇంకొకరి ఉద్యోగం తీసేయగలదు.

"చరిత్ర తర్వాత, ముందు భూమి" అనే మిత్రులున్నారు. భూమి ఎక్కడుందనుకుంటున్నారు? రిజిస్టర్లలోనే ఉంది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారుచేసిన ఫెయిర్ రిజిస్టర్లలో వెట్టి మాన్యం, తలారి మాన్యం పేరుతో మనోళ్ళకి సెంట్ల లెక్కన భూమి రాసి ఉంటుంది. ఊరికి చాకిరీ చేసినందుకు ఇచ్చిన భూమి. తర్వాతి కాలం అడంగల్ తీస్తే అదే నంబరులో ఇంకో పేరు. మధ్యలో ఏం జరిగిందో అడగాల్సిన మనిషి ఆ నంబరు తెలిసిన మనిషే. కోస్తా, సీమ జిల్లాలు 1953 దాకా మద్రాసులోవి కాబట్టి ఆ రెవెన్యూ బోర్డు కాగితాల కోసం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి పోవాలి. తెలంగాణవాళ్ళకు తార్నాక ఆర్కైవ్స్, తహసీలు ఆఫీసులో సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ. నిజాం కాలపువి ఉర్దూలో, ఇంకా పాతవి ఫారసీలో ఉంటాయి. ఉర్దూ చదివే ముస్లిం మిత్రుణ్ణి వెంట తీసుకెళ్ళండి, ఐక్యత మీద సెమినారు పెట్టడంకంటే అది మేలు. ఫసలీ సంవత్సరం కనిపిస్తే 590 కలపండి. 1320 ఫసలీ అంటే 1910-11.

అసైన్డ్ భూముల సంగతీ అంతే. 1977 చట్టం వాటిని అమ్మకూడదంది, అయినా చేతులు మారాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, 20 ఏళ్ళు దాటిన భూమిపై అసలు అసైనీకి, ఆయన వారసులకు పూర్తి హక్కు అంది. ఆ తర్వాతి ప్రభుత్వం అక్రమాలు జరిగాయని రిజిస్ట్రేషన్లు ఆపింది. ఎవరి వాదన ఎట్లున్నా, ప్రశ్న ఒకటే: అసలు అసైనీ ఎవరు, ఆయనకు నువ్వేమవుతావు? అది కుటుంబ చరిత్ర ప్రశ్నే.

ఒక ఆఫీసులో నన్ను "ఇంటిపేరు చెప్పండి, వంశవృక్షం తెచ్చారా" అని అడిగారు. వంశవృక్షం కోసమే వచ్చానన్నాను. ఆయనకు అర్థం కాలేదు. దాని గురించి ఇంకోసారి.

సహవాసి గారు తెలుగు చేసిన 'ఏడుతరాలు' చదవని ఉద్యమకారుడు మన దగ్గర అరుదు. అలెక్స్ హేలీ ఆఫ్రికా పోయి, వంశాల్ని నోటితో చెప్పే గ్రియో ముందు కూర్చున్నాడని చదివి కళ్ళు తుడుచుకున్నాం. ఆయన లెక్కల్లో తప్పులున్నాయని తర్వాత పరిశోధకులు వాదించారు, అది వేరే సంగతి. నా బాధ ఇంకొకటి. మనకూ గ్రియోలున్నారు. జాంబపురాణం చెప్పే దక్కలోళ్ళు, చిందోళ్ళు. పటం పరిచి, కిన్నెర పట్టి మాదిగల పుట్టుక చెప్తారు, తమ హక్కు ఊళ్ళల్లో ఏ ఇల్లు ఎవరిదో చెప్తారు. వాళ్ళని మనమేం చేశాం? మాదిగవాడలోకి రానివ్వకుండా వాడ బయటే ఉంచాం. ఊరు మనల్ని పెట్టినట్టే మనం వాళ్ళని పెట్టాం. గాంబియా గ్రియోకి దండం పెట్టి, మన చరిత్ర మోసుకొచ్చిన మనిషిని గడప తొక్కనివ్వనివాడికి ఆర్కైవ్స్ గురించి మాట్లాడే అర్హత లేదని నేను అంటాను. ఎగ్మూరు టికెట్టు కొనేముందు దక్కలి పెద్దమనిషిని ఇంటికి పిలవండి, కూర్చోబెట్టి భోజనం పెట్టండి, ఆయన ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చెయ్యండి. ఆయన పొద్దుకు కూలి లెక్క కట్టివ్వండి. యూనివర్సిటీలో ప్రొఫెసరుకి గెస్టు లెక్చరుకి ఇస్తారు కదా.

ఇంకొక్కటి. కాగితాలన్నీ మగవాళ్ళవే. అడంగల్‌లో ఆడమనిషి కనపడదు, ఓడ జాబితాలో కొంచెం, బాప్తిస్మంలో ఎక్కువ. పుట్టింటి ఊరు, మేనమామల ఊరు, పురుడు పోసినామె పేరు, ఇవి ముసలమ్మలకే తెలుసు. ఈ సెలవులకి ఇంటికి పోయినప్పుడు ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. మా నాయనమ్మ చెప్పిన మూడు ఊళ్ళ పేర్లు లేకపోతే నాకు ఆ రిజిస్టరులో ఏ పేజీ తెరవాలో కూడా తెలిసేది కాదు.

వచ్చే భాగంలో ఖాస్రా పహాణీలో ఏ గడిలో ఏముంటుందో, నకలు కోసం అర్జీ ఎట్లా రాయాలో చెప్తాను.

జై భీమ్.