జాబితాలో చోటు సరే, వాక్యంలో?

సంగీత కళాశాలలు తమ పూర్వ విద్యార్థుల్లో 'ప్రసిద్ధులు' వీరే అంటూ వేసే జాబితాలతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. వాటిలో స్త్రీల పేర్లు ఉండవని కాదు. ఇప్పుడు ఉంటున్నాయి. ఆ పేరు పక్కన రాసే వాక్యం దగ్గరే నా పేచీ.

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌నే తీసుకుందాం. 1883లో మొదలైన ఈ కళాశాల నుంచి గొప్ప క్లారినెట్ విద్వాంసులు వచ్చారు. మన పెళ్ళి బ్యాండుమేళంలో పాట ఎత్తుకుంటుందే, ఆ క్లారినెట్టే. ఫ్రెడరిక్ థర్‌స్టన్ ఇక్కడ చార్లెస్ డ్రేపర్ దగ్గర నేర్చుకుని, తర్వాత ఇక్కడే గురువయ్యాడు. జెర్వాస్ ద పెయెర్ అతని శిష్యుడు. కండక్టర్‌గా పేరు తెచ్చుకున్న కాలిన్ డేవిస్ కూడా అతని దగ్గర క్లారినెట్ నేర్చుకున్నవాడే.

థియా కింగ్ కూడా ఆ తరగతి నుంచే వచ్చింది. 1925లో పుట్టిన ఆమె 1943 నుంచి 1947 దాకా ఇక్కడ పియానో, క్లారినెట్ రెండూ నేర్చుకుంది. ఆమె గురించి నేను చదివిన పరిచయాల్లో తరచుగా ముందు కనిపించే మాట ఒకటే: థర్‌స్టన్ శిష్యురాలు, భార్య.

ఇందులో అబద్ధమేమీ లేదు. మరి నాకెందుకింత కోపం? లెక్క చూడండి. వాళ్ళ పెళ్ళి 1953 జనవరిలో. అదే ఏడాది డిసెంబరులో అతను చనిపోయాడు. ఏడాది కూడా నిండని కాపురం. ఆ తర్వాత ఆమె స్త్రీలు మాత్రమే ఉన్న పోర్షియా విండ్ ఎన్‌సెంబుల్‌లో వాయించింది. 1964 నుంచి 1999 దాకా, ముప్పై అయిదేళ్ళపాటు, ఇంగ్లిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రాలో ప్రధాన క్లారినెటిస్టుగా ఉంది. తాను చదివిన కళాశాలలోనే ఇరవయ్యేళ్ళకు పైగా పాఠం చెప్పింది. 2001లో 'డేమ్' బిరుదు అందుకుంది. 2007లో చనిపోయింది. అర్ధశతాబ్దం ఊపిరి పోసి వాయించిన మనిషిని పదకొండు నెలల దాంపత్యంతో పరిచయం చేయడాన్ని ఏమనాలి?

ద పెయెర్‌కీ ఆ గురువే. కానీ గురువు పేరు అతనికి అర్హత అయితే, ఆమెకు ఇంటిపేరయింది.

జరిగిందే రాశాం కదా అంటారు. జరిగినవాటిలో ఏది ముందు రాస్తారు, ఏది వదిలేస్తారు అన్నదే నా ప్రశ్న. మరుగున పడ్డ క్రుసెల్ కాన్చెర్టోలను ఆమె రికార్డు చేసింది. ఎలిజబెత్ మెకాంకీ క్లారినెట్ కోసం రాసిన కాన్చెర్టినోలనూ రికార్డు చేసింది. మెకాంకీ కూడా అదే కళాశాలలో చదివిన స్వరకర్త. ఒక స్త్రీ రాసినదాన్ని మరో స్త్రీ లోకానికి వినిపించింది. ఇదీ ఒక పరంపరే. గురువు నుంచి శిష్యుడికంటూ పై నుంచి కిందికి గీసే గీతలో ఇది ఎక్కడా పట్టదు.

ఈ జాబితాలు దాచే సంగతి ఇంకొకటుంది. కళాశాల తలుపు తెరుచుకున్నంత మాత్రాన ఆర్కెస్ట్రా తలుపు తెరుచుకోదు. జర్మనీలో ష్టుట్‌గార్ట్, హనోఫర్‌లలో చదువుకున్న సబీనె మాయర్‌ను 1982లో కండక్టర్ కరాయన్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లోకి తీసుకోవాలనుకున్నాడు. ఆర్కెస్ట్రా సభ్యులు ఓటేశారు. వద్దన్నవాళ్ళు 73 మంది, కావాలన్నవాళ్ళు నలుగురు. ఆమె నాదం తమ నాదంతో కలవదన్నారు. 1983లో ఆమె అక్కడినుంచి తప్పుకుని, సోలో కళాకారిణిగా ప్రపంచమంతా వాయించింది. ఆ పేరు ఇప్పుడు ఏ కళాశాలకైనా అలంకారమే. గెలుపు సంస్థ ఖాతాలో పడుతుంది. అడ్డుకున్న చేతులు మాత్రం ఎవరి ఖాతాలోనూ పడవు.

లండన్ సంగతులు మనకెందుకని అనుకోవద్దు. ఫలానావారి శ్రీమతి, ఫలానావారి కుమార్తె అంటూ మొదలయ్యే రచయిత్రుల పరిచయాలు మనం ఎన్ని చదవలేదు? పాఠ్యపుస్తకాలు కూర్చేవాళ్ళం, ముందుమాటలు రాసేవాళ్ళం, సంకలనాలు తెచ్చేవాళ్ళం మనలోనే ఉన్నాం. జాబితాలో మరో నాలుగు పేర్లు చేర్చి తృప్తిపడితే కుదరదు. ఆమె ఏం చేసిందో మొదటి వాక్యంలో రాయాలి. ఎవరు అడ్డుపడ్డారో రెండో వాక్యంలో రాయాలి. ఎవరిని పెళ్ళాడిందో అవసరమైతే ఆ తర్వాత చూసుకోవచ్చు.