సినిమా బెల్ వేరు, అసలు బెల్ వేరు

మీ పత్రిక గత సంచికలో 1941 నాటి ‘బెల్ స్టార్’ సినిమాను ‘ఒక బందిపోటు రాణి నిజగాథ’ అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. బెల్‌గా నటించిన జీన్ టియర్నీ అందం గురించీ, టెక్నికలర్ రంగుల గురించీ మీ రచయిత రాసిందంతా ఒప్పుకుంటాను. కథ మాత్రం నిజం కాదు.

సినిమాలో బెల్ అమెరికా దక్షిణాది జమీందారు బిడ్డ. అసలు బెల్, అంటే మైరా మేబెల్ షిర్లీ, తండ్రి మిస్సోరీలోని కార్తేజ్‌లో హోటల్ నడిపినవాడు. ఇంకా పెద్ద తప్పు ఆమె భర్త శామ్ స్టార్ విషయంలో జరిగింది. అతను అమెరికా మూలవాసులైన చెరోకీ జాతివాడు. 1880లో వాళ్లు కాపురం పెట్టింది చెరోకీల నేల మీదే. తెరమీద అదే పేరుతో రాండాల్ఫ్ స్కాట్ తెల్లజాతి కాన్ఫెడరేట్ యోధుడిగా కనిపిస్తాడు. ఒక మనిషి జాతినే చెరిపేశారు! మీ వ్యాసంలో దీని మీద ఒక్క వాక్యమైనా ఉండాల్సింది. బానిసత్వం నాటి దొరతనాన్ని ఆ సినిమా ఎంత మురిపెంగా చూపిందో కూడా రాయాల్సింది.

అసలు బెల్‌కు 1883లో జడ్జి పార్కర్ శిక్ష వేసింది గుర్రాల దొంగతనానికి. తొమ్మిది నెలలు డెట్రాయిట్ జైల్లో ఉంది. 1886లో ఫోర్ట్ స్మిత్‌లో తీసిన ఫొటో చూడండి: పొడవాటి గౌను, రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసి జీను మీద కూర్చున్న తీరు, నడుముకు పిస్తోలు. టియర్నీ నునుపు ఆ ముఖంలో లేదు. బతుకు రాటుదేల్చిన ముఖం అది. 1889 ఫిబ్రవరి 3న, నలభై ఒకటో పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, గుర్రం మీద వెళుతుంటే ఎవరో మాటు వేసి కాల్చేశారు. హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు.

దయచేసి వచ్చే సంచికలో సవరణ వేయండి. వీలైతే ఆ ఫొటో కూడా.