పెరటి చెట్టూ, దూరపు కొండా

ఏటా మార్చి నెల రాగానే అమెరికా ఫుట్‌బాల్ అభిమానులకు ఒక జ్వరం పట్టుకుంటుంది. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ముగిసిపోయి ఉంటుంది. మళ్ళీ సెప్టెంబరు వచ్చేదాకా అసలైన పోటీ ఏదీ ఉండదు. అయినా వాదాలు మాత్రం ఆట రోజులకన్నా జోరుగా సాగుతాయి. ఒప్పందం ముగిసి బయటికి వచ్చిన ఆటగాళ్ళలో మనవాళ్ళు ఎవరిని తెచ్చుకోవాలి? ఎంతకు తెచ్చుకోవాలి? ఇలాంటివారిని ఇక్కడ ఫ్రీ ఏజెంట్లు అంటారు. మనం స్వతంత్ర ఆటగాళ్ళు అనుకుందాం. ఈ వాదాల్లో లైన్‌బ్యాకర్ ప్రస్తావన వచ్చినప్పుడు వేడి మరికాస్త ఎక్కువగా ఉంటుంది. ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు ఆటను చాలాకాలంగా చూస్తున్నవాణ్ణి కనుక, ఆ జట్టు అనుభవం ఆధారంగా నాకు తోచిన నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఈ ఆటతో పరిచయం లేని మిత్రుల కోసం కొంచెం వివరణ. రక్షణ పక్షాన పదకొండుమంది నిలబడతారు. ముందు వరుసలో ఎదుటివారితో ఢీకొనే భారీకాయులుంటారు. వెనుక, బంతిని అందుకోవడానికి దూసుకువచ్చేవారిని వెన్నంటి కాపలా కాసే వేగవంతులుంటారు. ఈ ఇద్దరికీ నడుమ నిలిచేవాడు లైన్‌బ్యాకర్. బంతి కదిలిన మరుక్షణంలో అతడు ఒక నిర్ణయం తీసుకోవాలి. ఎదుటివాడు బంతి పట్టుకుని పరుగెత్తబోతున్నాడా, లేక దూరంగా విసరబోతున్నాడా? పరుగైతే ముందుకు ఉరకాలి, విసురైతే వెనక్కు తగ్గాలి. ఒక్క అడుగు తప్పుగా పడితే వెనుక ఉన్నవారి శ్రమంతా వృథా. 2008 నుంచి రక్షణ పక్షంలో ఒక ఆటగాడి శిరస్త్రాణంలో రేడియో అమర్చి, బయట నిలబడ్డ శిక్షకుల ఆదేశాలు వినే వీలు కల్పించారు. సాధారణంగా ఆ బాధ్యత లైన్‌బ్యాకర్‌దే. బలంతోపాటు బుద్ధి కూడా కావలసిన స్థానం అన్నమాట.

మరొక్క సంగతి. ఈ లీగులో ఏ జట్టూ చేతికి వచ్చినంత ఖర్చు పెట్టడానికి వీల్లేదు. జీతాలకు ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2024లో అది ఒక్కో జట్టుకు 25 కోట్ల 54 లక్షల డాలర్లు. యాభైమందికి పైగా ఉండే జట్టును అందులోనే పోషించాలి. ఒకరి విస్తట్లో రెండు గరిటెలు ఎక్కువ వడ్డిస్తే, పంక్తి చివర కూర్చున్నవాడికి తక్కువ పడుతుంది. కనుక 'ఎవరు కావాలి' అన్న ప్రశ్న 'ఎవరిని వదులుకుంటాం' అన్న ప్రశ్నను వెంటబెట్టుకునే వస్తుంది.

ఇక అసలు కథ. 2023 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా కాన్సస్ సిటీ చేతిలో 38-35తో ఓడిపోయింది. మరుసటి నెలలోనే ఆ జట్టు లైన్‌బ్యాకర్లు ఇద్దరూ వెళ్ళిపోయారు. టి.జె. ఎడ్వర్డ్స్ షికాగోకు, కైజర్ వైట్ అరిజోనాకు. 2023 సీజన్‌లో మొదటి పదకొండు ఆటల్లో పది గెలిచినా, నడుమ భాగం బోలుగా ఉందని చూసేవారందరికీ తెలుస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే, నవంబరులో, ఇండియనాపోలిస్ జట్టు షకీల్ లెనర్డ్‌ను వదిలేసింది. మూడుసార్లు ఆల్‌-ప్రో మొదటి జట్టుకు ఎంపికైనవాడు. అంటే ఆ ఏటి ఉత్తముల్లో ఒకడని మూడుసార్లు గుర్తింపు పొందినవాడు. అతడు ఫిలడెల్ఫియాకు వస్తాడా, చిరకాల ప్రత్యర్థి డాలస్‌కు వెళతాడా అని అభిమానులు ఊపిరి బిగబట్టి చూశారు. ఫిలడెల్ఫియాకే వచ్చాడు. పండగ చేసుకున్నారు.

ఆ తరువాత మిగిలిన అయిదు ఆటల్లో జట్టు గెలిచింది ఒక్కటే. 2024 జనవరిలో టాంపా బే చేతిలో 32-9తో చిత్తుగా ఓడి ఇంటిదారి పట్టింది. దోషమంతా లెనర్డ్‌ నెత్తిన రుద్దడం అన్యాయం. సీజన్ నడుమ రక్షణ వ్యూహాన్ని నడిపే మనిషినే మార్చారు, పక్షమంతా చెదిరిపోయింది. కానీ ఒకటి మాత్రం నిజం. 2022లో వెన్నుకు శస్త్రచికిత్సలు జరిగిన ఆ మనిషిలో అభిమానులు చూసింది 2021 నాటి లెనర్డ్‌ను. వాళ్ళు కోరుకున్నది మనిషిని కాదు, జ్ఞాపకాన్ని.

2024 మార్చి వచ్చింది. మళ్ళీ అదే వాదం. బాల్టిమోర్ నుంచి బయటికి వచ్చిన పాట్రిక్ క్వీన్ కావాలని కొందరు కోరారు. అతణ్ణి పిట్స్‌బర్గ్ మూడేళ్ళకు 4 కోట్ల 10 లక్షల డాలర్లతో తీసుకుపోయింది. ఫిలడెల్ఫియా తెచ్చుకున్నవారిలో పేరున్నవాడు డెవిన్ వైట్. 2019లో కళాశాల ఆటగాళ్ళ ఎంపికలో అయిదవ స్థానంలో ఎంపికైనవాడు, టాంపా బే జట్టుతో సూపర్ బౌల్ గెలిచినవాడు. ఒక సంవత్సరానికి, గరిష్ఠంగా 75 లక్షల డాలర్లు వచ్చేలా ఒప్పందం. స్థానం అతనిదేనని దాదాపు అందరూ అనుకున్నారు.

అదే వారంలో మరొక పేరు కూడా వచ్చింది. జాక్ బాన్. న్యూ ఆర్లియన్స్ జట్టులో నాలుగేళ్ళు ఉన్నాడు. ఎక్కువగా బంతిని తన్నే సందర్భాల్లో పరుగెత్తే ప్రత్యేక దళాల్లో ఆడించారు, అప్పుడప్పుడు అంచున నిలబెట్టి ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపించారు. ఒక సంవత్సరానికి 35 లక్షల డాలర్లు. ఈ వార్తను పట్టించుకున్నవాళ్ళు తక్కువ, పట్టించుకున్నవాళ్ళలో ఉత్సాహపడ్డవాళ్ళు ఇంకా తక్కువ. 'పేరుకొకణ్ణి తెచ్చారులే' అన్నట్టుగానే ఉండింది ధోరణి.

ఫలితం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కొత్తగా వచ్చిన రక్షణ శిక్షకుడు విక్ ఫాంజియో, బాన్‌ను అంచు నుంచి తీసుకువచ్చి నడిమధ్యన నిలబెట్టాడు. 2024 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని సావో పాలోలో జరిగిన తొలి ఆటలోనే బాన్ 15 ట్యాకిల్స్ చేశాడు, క్వార్టర్‌బ్యాక్‌ను రెండుసార్లు పడగొట్టాడు. సీజన్ ముగిసేసరికి 151 ట్యాకిల్స్, ఎదుటివారి చేతుల్లోంచి అయిదుసార్లు బంతిని జారగొట్టడం, ఆల్‌-ప్రో మొదటి జట్టులో స్థానం. డెవిన్ వైట్ ఫిలడెల్ఫియా తరఫున ఒక్క ఆట కూడా ఆడకుండానే అక్టోబరులో విడుదలయ్యాడు. 2025 ఫిబ్రవరి 9న జరిగిన సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా కాన్సస్ సిటీని 40-22తో ఓడించింది. ఆ రాత్రి పాట్రిక్ మహోమ్స్ విసిరిన బంతిని మధ్యలోనే అందుకున్నవారిలో బాన్ ఒకడు. ఆ ఆట జరిగింది ఎక్కడనుకున్నారు? న్యూ ఆర్లియన్స్‌లో! నాలుగేళ్ళపాటు ఎవరూ గుర్తించని సొంత మైదానంలో!

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతకు ఇంతకన్నా దృష్టాంతం వెతకనక్కరలేదు. న్యూ ఆర్లియన్స్‌వారికి అది పెరటి చెట్టు. అభిమానుల సంగతి దానికి తలకిందులు. వారికి దూరపు కొండలు నునుపు. ఈ రెండు సామెతలూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలని నాకనిపిస్తుంది. రెండింటిలోనూ మనం వస్తువును చూడటం మానేసి, అది ఎంత దూరాన ఉందన్నదాన్నే చూస్తున్నాం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 'ఏ లైన్‌బ్యాకర్ గొప్పవాడు?' అన్న ప్రశ్నతో వాదం మొదలుపెడితే, ఎంతసేపు వాదించినా సరైన చోటికి చేరం. 'అతనితో మనం చేయించబోయే పని ఏది?' అన్న ప్రశ్న ముందు రావాలి. గొప్పతనమనేది చొక్కాలాగా మనిషితోపాటు ప్రయాణం చేయదు. ఒక శిక్షకుడు లైన్‌బ్యాకర్‌ను ముందుకు దూకమంటాడు, మరొకడు ఓపికగా నిలబడి చూడమంటాడు. ముందుకు దూకడంలో పేరు తెచ్చుకున్నవాణ్ణి తెచ్చి నిలబడి చూడమంటే, లోపం అతనిది కాదు, తెచ్చినవారిది. డెవిన్ వైట్‌నే తీసుకోండి. ఫిలడెల్ఫియాలో చోటు దొరకలేదు, ఆ తరువాత హ్యూస్టన్‌కూ, 2025లో లాస్ వేగాస్‌కూ వెళ్ళి ఆడాడు. ఒకచోట పనికిరానంత మాత్రాన పనికిరానివాడు కాదు.

అభిమానులు చూపించే అంకెల విషయంలోనూ ఇదే చిక్కు. ట్యాకిల్స్ లెక్క చూపించి ఒకణ్ణి గొప్పవాడంటారు. ఎదుటివాణ్ణి బయలుదేరిన చోటనే పడగొట్టినా ఒక ట్యాకిలే, ఎనిమిది గజాలు పోనిచ్చి వెనుకనుంచి పడగొట్టినా ఒక ట్యాకిలే. రెండవది శత్రువుకు లాభం. బలహీనమైన జట్టులో లైన్‌బ్యాకర్‌కు పడగొట్టే అవకాశాలు ఎక్కువ వస్తాయి కూడాను. దొంగలు ఎక్కువ తిరిగే వీధిలో కాపలావాడి లెక్క ఘనంగానే ఉంటుంది మరి! బాన్ 151 కూడా ఒక్క అంకెగా చూస్తే ఏమీ చెప్పదు. అతడు ఎక్కడ పడగొట్టాడు, బంతి వెనక్కు వెళ్ళినప్పుడు ఎవరిని కాపలా కాశాడు అన్నవి ఆట చూస్తేనే తెలుస్తాయి.

దీనికి ఒక మంచి ఆక్షేపణ ఉంది. 'అంతా అయిపోయాక చెప్పడం సులువే. బాన్ ఇంతవాడవుతాడని తెచ్చినవారికి మాత్రం తెలుసా?' తెలియదనే నేనూ అనుకుంటాను. తెలిసి ఉంటే ఒక్క ఏడాదికి కాక నాలుగేళ్ళకు రాయించుకునేవారు. కానీ వారి తెలివి అక్కడే ఉంది. తమకు తెలియదన్న సంగతి వారికి తెలుసు. అందుకే ఒకరి మీద పెద్ద మొత్తం పెట్టకుండా వైట్‌నూ, బాన్‌నూ, ఒరెన్ బర్క్స్ అనే మరొకణ్ణీ, ముగ్గురినీ ఒక్కో ఏడాదికి తెచ్చుకున్నారు. ఒకరు నిలబడలేదు, ఒకరు శిఖరమెక్కారు. మూడవవాడైన బర్క్స్, 2025 జనవరిలో గ్రీన్ బేతో జరిగిన ఆటలో మొట్టమొదటి తన్నుకే ఎదుటివాడి చేతిలోంచి బంతిని జారగొట్టాడు. అదే ఆటలో నకోబీ డీన్ గాయపడితే, ఆ పైన అతని స్థానంలో నిలబడ్డాడు. 'ముగ్గురిలో ఎవరు?' అని అభిమానులు కొట్లాడుకుంటూ ఉంటే, జట్టు చెప్పిన జవాబు 'ముగ్గురూ, తక్కువ ధరకు' అని. మన రైతు నాన్న ఒకే పంట మీద పొలమంతా పెట్టని విధంగానే.

పేరు ఎప్పుడూ మోసమేనా అంటే, కాదు. అదే మార్చిలో అదే జట్టు న్యూయార్క్ నుంచి సేక్వాన్ బార్క్లీని తెచ్చుకుంది. అతడు పేరున్నవాడే. ఆ సీజన్‌లో 2,005 గజాలు పరుగెత్తి పేరు నిలబెట్టుకున్నాడు. కానీ అతని ముందు దారి తెరిచే బలమైన వరుస ఫిలడెల్ఫియాలో అప్పటికే సిద్ధంగా ఉంది. అక్కడా పని, మనిషి కుదిరాయి. పేరు అడ్డు రాలేదు, అంతే.

ఈ వాదాల్లో మరచిపోయే మనిషి ఒకడున్నాడు, ఆ ఆటగాడు. ఈ స్వాతంత్ర్యం వారికి ఊరికే రాలేదు. ఒప్పందం ముగిసినా కోరిన జట్టుకు వెళ్ళే హక్కు కోసం ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి న్యాయస్థానాల్లో పోరాడారు. ఇప్పుడున్న పద్ధతి 1993లో మొదలైంది. ఆ ఏడే రెజీ వైట్ అంతటివాడు ఫిలడెల్ఫియా వదిలి గ్రీన్ బేకు వెళ్ళిపోయాడు. ఆ ఊరి అభిమానులకు అది గాయమే. అయినా ఆ హక్కే లేకపోతే జాక్ బాన్ కథ ఉండేదా? తనను అంచున నిలబెట్టినవారి దగ్గరే ఉండిపోయి, తనలో మరొక ఆటగాడున్నాడన్న సంగతి తనకే తెలియకుండా రిటైరయ్యేవాడేమో. మనం సంతలో ఎడ్లను బేరమాడినట్లు పళ్ళు లెక్కపెడుతూ మాట్లాడే ఆ రెండు వారాలూ, అవతలి మనిషికి తన బతుకులో సరైన చోటు వెతుక్కునే రెండు వారాలు.

ఇది ఆటకు మాత్రమే చెందిన మాట కాదని మీరీపాటికి గ్రహించే ఉంటారు. ఊళ్ళు మారుతూ, ఉద్యోగాలు మారుతూ, కాగితం మీద నాలుగు వాక్యాలుగా మారిపోయి బతికే మన తెలుగువాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పాలా? 'ఇంతవరకు ఏం చేశావు?' అని అడిగేవారు వందమంది. 'నీచేత ఏం చేయించవచ్చు?' అని ఆలోచించేవాడు ఒక్కడు దొరికితే అదృష్టం.

2025 మార్చిలో బాన్‌తో ఫిలడెల్ఫియా మూడేళ్ళకు 5 కోట్ల 10 లక్షల డాలర్ల కొత్త ఒప్పందం రాసుకుంది. ఇప్పుడు అతడూ ఒక పేరు. రేపు అతడు మరోసారి బయటికి వస్తే, ఏదో ఒక ఊరి అభిమానులు అతని 2024ను కొనుక్కోవడానికి ఎగబడతారు. వారితో వాదించే అవకాశం నాకు వస్తే మూడే ప్రశ్నలు అడుగుతాను. మీ శిక్షకుడు అతణ్ణి ఎక్కడ నిలబెడతాడు? ఆ డబ్బుకు ఎవరిని వదులుకుంటారు? కుదరకపోతే ఎన్నాళ్ళు మోస్తారు? ఈ మూడింటికీ జవాబు ఉన్నవాడు ఏ పేరు చెప్పినా నాకు అభ్యంతరం లేదు. ఆ పేరు నేను ఎన్నడూ విననిదైతే, మరీ శ్రద్ధగా వింటాను.