ప్యాకేజీ కన్నా ముందు పరీక్ష కావాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గురజాల, పల్నాడు జిల్లా

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,

కోత లేకుండా, మత్తు లేకుండా, తల బయటి నుంచే మెదడును ఉత్తేజపరిచే చికిత్సల్లో బాగా తెలిసినవి రెండు. తలకు తీగచుట్ట ఆనించి అయస్కాంత తరంగాలు పంపేది టీఎంఎస్. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని తొలిసారి చేసి చూపింది. తడి స్పాంజి పలకలు కట్టి ఒకటి రెండు మిల్లీయాంపియర్ల కరెంటు పంపేది టీడీసీఎస్. కుంగుబాటుకు టీఎంఎస్ వాడకాన్ని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే అనుమతించింది. మతిమరుపు జబ్బు డిమెన్షియాలో మందులకు తోడుగా కూడా ఇది పనికొస్తుందని కొన్నేళ్లుగా పరిశోధకులు చెబుతున్నారు. మీకు నా విన్నపం ఒక్కటే. టీఎంఎస్‌ను ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీల్లో ఇప్పుడే చేర్చకండి, అలాగని పక్కనా పడేయకండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఆధ్వర్యంలో, మా పల్నాడు పల్లెల వృద్ధులను చేర్చుకుని, పద్ధతి ప్రకారం క్లినికల్ ట్రయల్ జరిపించండి.

ఆశ పుట్టించే ఆధారం 2022లో రోమ్ నుంచి వచ్చింది. శాంటా లూసియా ఫౌండేషన్‌లో జాకొమో కోచ్ బృందం జబ్బు మరీ ముదరని 50 మంది అల్జీమర్స్ రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు నిజమైన టీఎంఎస్, రెండో జట్టుకు చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి చికిత్స. మొదటి రెండు వారాలు దాదాపు రోజూ, తర్వాత 22 వారాలు వారానికోసారి. జ్ఞాపకాలతో ముడిపడిన ప్రీక్యూనియస్ అనే భాగానికి గురిపెట్టారు. దాదాపు ఆరు నెలలు గడిచేసరికి ఉత్తుత్తి చికిత్స పొందినవారు బాగా దిగజారారు, నిజమైనది పొందినవారు ఇంచుమించు ఉన్నచోటే నిలిచారు. జబ్బు నయం కాలేదు, కానీ కుటుంబాలకు ఆరు నెలలు చిన్న సంగతేమీ కాదు. అయితే ఇది ఒకే కేంద్రంలో, 50 మందితో తేలిన ఫలితం. దీనికి ఎదురుగా మరో ఉదాహరణ ఉంది. టీఎంఎస్‌తో పాటు మెదడుకు కసరత్తు చేయించే న్యూరోఏడీ అనే పరికరం పెద్ద పరీక్షలో తన ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. జబ్బు అంతగా ముదరనివారిలో మేలు కనిపించిందని తయారీదారులు వాదించినా, 2019 మార్చిలో ఎఫ్‌డీఏ సలహా సంఘం ఒప్పుకోలేదు. ఆ సంఘం సరిగానే నడుచుకుందని నా అభిప్రాయం. లెక్కలు వచ్చాక అందులోంచి అనుకూలమైన ముక్క ఏరుకుంటే ఏ చికిత్సనైనా గెలిపించవచ్చు.

ఉత్తుత్తి జట్టు ఎందుకంత అవసరమో కాస్త వివరంగా చెప్పాలి. మతిమరుపు ముదిరిన మనిషి ఇంట్లో ఒక మూలన, ఎవరూ పెద్దగా పలకరించని స్థితిలో ఉంటారు. ఆ మనిషిని రోజూ స్నానం చేయించి, మంచి బట్టలు కట్టి, ఆసుపత్రికి తీసుకెళితే, అక్కడ నర్సు పేరు పెట్టి పిలిచి కాసేపు పక్కన కూర్చుంటే, ఆ మాత్రానికే తేరుకోవచ్చు. ఆ మేలు యంత్రానిదా, మనుషులదా? పోల్చి చూడ్డానికి రెండో జట్టు లేకపోతే ఎవరూ చెప్పలేరు. యంత్రానిదని రుజువైతే ప్రభుత్వం ధైర్యంగా డబ్బు పెట్టవచ్చు. మనుషులదని తేలితే అదీ గొప్ప ఫలితమే, ఎందుకంటే ఆ పని ఊరి స్థాయిలో ఆశా కార్యకర్తలతో, పగటి సంరక్షణ కేంద్రాలతో చేయించుకోవచ్చు.

పల్నాడు వృద్ధులే ఎందుకు? వయసు మళ్లినవారిపై జరిగే దేశవ్యాప్త లాసీ సర్వేకు అనుబంధంగా జరిగిన అధ్యయనం 2023లో వేసిన అంచనా ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పట్నాల కన్నా పల్లెల్లో, మగవారి కన్నా ఆడవారిలో ఎక్కువ. మిరప చేలలో, పత్తి చేలలో బతుకంతా గడిపి, బడి ముఖం చూడని ఆడవాళ్లు మా ప్రాంతంలో ఈ లెక్క కిందికే వస్తారు. యంత్రంతో పాటు చేయించే మెదడు కసరత్తులేమో చాలావరకు చదువు వచ్చినవారి కోసం తయారైనవి. అక్షరం రానివారికి వాటిని మార్చి రాయాలి. ఇది అసాధ్యమేమీ కాదు. చదువురానివారిని కలుపుకుని మన దగ్గర పరిశోధన ఇప్పటికే జరిగింది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో చూపింది. చదువురానివారిలోనూ ఈ ఆలస్యం కనిపించింది. ఐసీఎంఆర్ తయారుచేయించిన జ్ఞాపకశక్తి పరీక్షల సంపుటి ఐదు భారతీయ భాషల్లో వచ్చింది, అందులో తెలుగు ఒకటి. పునాది మన దగ్గరే ఉంది.

మతిమరుపుకు ముందు చేయాల్సిన బి12, థైరాయిడ్ పరీక్షలే సరిగా జరగని చోట మెదడుకు తరంగాలా అని మీ అధికారులే అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. బీపీ, షుగర్, వినికిడి లోపం, ఒంటరితనం వంటి 14 కారణాలను అదుపు చేస్తే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చని లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో చెప్పింది. ఆ పని ఆపమని నేననడం లేదు. కానీ ట్రయల్‌లో ఒకరిని చేర్చాలంటే ముందు బి12, థైరాయిడ్, వినికిడి చూడాలి, స్కాన్ తీయాలి, జబ్బు ఏ రకమో తేల్చాలి. తోడు చికిత్స అంటే అసలు చికిత్స ఉండాలి కదా. గురజాల, మాచర్ల ఆసుపత్రుల్లో నెలకోసారైనా జ్ఞాపకశక్తి క్లినిక్ నడపక తప్పని పరిస్థితి ఈ ట్రయల్‌తోనే వస్తుంది. చేర్చుకోవడానికి పనికిరానివారికీ ఆ క్లినిక్ దక్కుతుంది.

జనంలో ఒక భయం కూడా ఉంది. కరెంటు అనగానే షాక్ ట్రీట్‌మెంట్ గుర్తొస్తుంది. టీఎంఎస్‌లో మనిషి మెలకువగానే ఉంటాడు. తలనొప్పి, తల చర్మం మీద చిటుక్కుమన్నట్టు అనిపించడం మామూలు, మూర్ఛ అరుదు. తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారికి, మూర్ఛ వ్యాధి ఉన్నవారికి ఇవ్వడం తగదు. ఈ సంగతులన్నీ తెలుగులో, నోటి మాటగా, కుటుంబం ముందు చెప్పాలి. అనుమతి కాగితం మీద వేలిముద్ర వేయించుకుని సరిపెట్టకూడదు.

రోమ్‌లో చేసినట్టు ఆరు నెలల పాటు తిప్పడం మాత్రం ఇక్కడ సాగదు. రెంటచింతల నుంచో దాచేపల్లి నుంచో వారం వారం గుంటూరు వెళ్లాలంటే రోగితో పాటు ఇంకొకరి కూలీ పోతుంది, ఆ ఇంకొకరు దాదాపు ఎప్పుడూ కోడలో కూతురో అవుతారు. అందుకని తొలి రెండు వారాలు గుంటూరులో పడకలిచ్చి, తోడొచ్చినవారికి భోజనం, కూలీ నష్టం చెల్లించి, మిగతా వారాలు యంత్రాన్నే నరసరావుపేటకు తెప్పించాలి. పిడుగురాళ్ల వైద్య కళాశాల పూర్తయ్యాక, దాని నాడీవ్యాధుల విభాగానికి ఈ బాధ్యత మొదటి రోజు నుంచే రాసిపెట్టాలి.

ట్రయల్‌ను జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయించండి. మేలు పొందినవారికి ట్రయల్ ముగిశాక కూడా ఉచితంగా కొనసాగించండి. ఫలితాలు వచ్చేదాకా డిమెన్షియా నయం చేస్తామంటూ ప్రైవేటు కేంద్రాలు ప్రకటనలు వేయకుండా చూడండి. ఫలితం అనుకూలిస్తే ప్యాకేజీ ధర ఖరారు చేసేటప్పుడు రోగుల కుటుంబాలను కూడా కూర్చోబెట్టండి. ప్రతికూలమైతే ఆ మాటా అంతే బాహాటంగా ప్రకటించి, అందుకు పెట్టాలనుకున్న సొమ్మును మా మండలాల్లో వినికిడి యంత్రాలకూ, పగటి సంరక్షణ కేంద్రాలకూ మళ్లించండి.

ఇట్లు,
గురజాల వాసి