నీటిని దాచుకొను కప్ప

వానలు వెనుకపట్టినపుడు మన పల్లెలలో రోకలికి కప్పను గట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికిని త్రిప్పుదురు. గృహిణులు దానిపై బిందెలతో నీరు పోయుదురు. కప్ప కోరిన వాన కురియునని మనవారి విశ్వాసము. వానను పిలువక, అది వచ్చువరకు భూమిలో మౌనముగా వేచియుండు కప్ప యొకటి ఆస్ట్రేలియా దేశపు ఎడారి భూములందు కలదు. ఈ మాసమున మా సోదరీమణులకు దానిని పరిచయము చేయుదుము.

కప్పకును ఎడారికిని పొత్తెట్లు కుదురునని సందేహము కలుగవచ్చును. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. నీటిని లోనికి రానిచ్చు ఆ పలుచని చర్మమే ఎండలో దానిని వెలికి పోనిచ్చును. కావున ఎండలో చిక్కిన కప్ప త్వరలోనే వాడి చచ్చును.

ఈ కప్ప చేయు నుపాయము వినుడు. వానలు వెలిసి మడుగులు ఇంకనారంభింపగనే అది తన మూత్రాశయమును నీటితో నింపుకొని, వెనుక పాదములనున్న గట్టి బుడిపెలతో మట్టిని త్రవ్వుచు, వెనుకవైపుగా భూమిలోనికి దిగిపోవును. అచ్చట చిన్న గదిచేసికొని, తన పైచర్మమును పొరలు పొరలుగా విడుచును గాని పారవేయదు. ఆ పొరలు ఒకదానిపై నొకటి పేరుకొని, ముక్కురంధ్రములు దక్క దేహమునంతను కప్పు సంచి యగును. ఊపిరి మందగించును, ఆహారము మాటయే లేదు. దాచిన నీటినే కొంచెము కొంచెముగా వాడుకొనుచు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి అట్లే యుండును.

పెద్దవాన కురిసి తడి లోనికి దిగినంతనే మేల్కొని, తాను కట్టుకొన్న సంచిని తానే తిని పైకి వచ్చును. ఇక దానికి తీరిక యుండదు. పురుగులను తినవలెను, మడుగులో గ్రుడ్లు పెట్టవలెను. నీరింకులోపల, కొలది వారములలోనే, తోకకప్పలు కప్పలు కావలెను.

ఆ దేశపు ఆదివాసులు కరవుదినములలో ఈ కప్పలుండు తావులను గుర్తించి, త్రవ్వి తీసి, మెల్లగా నొక్కి, వెలువడిన నీటితో దప్పి తీర్చుకొనెడివారు. 1894లో మధ్య ఆస్ట్రేలియాకు సాగిన హార్న్ యాత్రలో పాల్గొన్న బాల్డ్విన్ స్పెన్సరను జీవశాస్త్రజ్ఞుడు ఈ కప్పలను గూర్చి వ్రాసెను.

ఆగ్నేయ తీరమందలి గునాయికుర్నాయి జనులలో టిడ్డాలిక్ అను కప్ప కథ కలదు. అది లోకములోని నీరంతయు త్రాగివేయగా జంతువులన్నియు దప్పిచే అలమటించెనట. దానిని నవ్వించుటకు ఎన్ని పాట్లు పడినను నవ్వలేదు. తుదకు మలుగుచేప మెలికలు తిరుగుచు నాట్యమాడగా పకపక నవ్వెను, నీరంతయు బయటపడెను.

కథలోని కప్ప అందరి నీటిని త్రాగెను. ఎడారి కప్ప తన కడుపు పట్టినంతయే దాచుకొని, చుక్క చుక్క లెక్కగా వాడుకొనును. వేసవిలో బిందెడు నీటికై దూరము నడచు ఇల్లాలికి ఆ లెక్క విలువ మేము చెప్పనక్కరలేదు.

ఒక్క మనవి. ఈసారి మీ వాకిటికి రోకలిమీద కప్ప వచ్చినచో, అది ఎండకు తాళలేని ప్రాణియని తలచి, నిండుగా నీరు పోయుడు. పిమ్మట కట్లు విప్పించి, చెరువుగట్టు నీడలో విడువుమని పిల్లలతో చెప్పుడు.