గోడ కట్టుకోమనే పెద్దలకు



హైదరాబాదు చుట్టుపక్కల మనవాళ్ళ ప్లాట్లు దొంగ రిజిస్ట్రేషన్ల పాలవుతున్న సంగతి పోయిన సంచికలో ఒక మిత్రులు వ్రాశారు. తప్పంతా మనదేనట. కొని గాలికి వదిలేశామట, ప్రహరీ కట్టి పేరు వ్రాయించుకోలేదట. వారంటే గౌరవమే గాని, ఈ మాట నాకు మింగుడుపడలేదు.

మా తోడల్లుడు గోడా కట్టించాడు, పేరూ వ్రాయించాడు. గోడ అలాగే ఉంది. 200 గజాల స్థలం మాత్రం కాగితాల్లో వేరొకరిదైపోయింది. ఆయన ఈడువాడే ఒకడు ఆయన పేరుతో, తన ఫొటోతో ఆధార్ కార్డు పుట్టించుకొని సబ్-రిజిస్ట్రారు ముందు నిలబడి "నేనే ఫలానా" అన్నాడు. ఇద్దరు సాక్షులు "ఔను, మాకు తెలుసు" అన్నారు. ఆ రోజున మావాడు బర్మింగ్‌హామ్‌లో డ్యూటీలో ఉన్నాడు. పోనీ కొన్నాయన దొంగా అంటే, పాపం, కూతురి పెళ్ళికి దాచిన సొమ్ము పోసినవాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే కోర్టు వరండాలో ఎదురుబొదురు కూర్చుంటున్నారు. అసలువాడి జాడ లేదు.

మనలో కొందరు ఖాళీ కాగితాలమీద సంతకాలు చేసి బావమరుదుల చేతుల్లో పెట్టి వస్తారు. అది వేరే కథ, దాన్ని దీనితో కలపకండి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 34వ సెక్షను ప్రకారం, ఎదుట నిలబడ్డ మనిషి ఎవరో అధికారి తృప్తిగా తేల్చుకోవాలి. 2001లో 32-ఎ సెక్షను చేర్చి ఫొటోలు, వేలిముద్రలు తప్పనిసరి చేశారు. స్థలం చేతులు మారేటప్పుడు అమ్మేవాడివే కాదు, కొనేవాడివి కూడా. కాస్త నిదానంగా ఆలోచించండి. మావాడు 2006లో సెలవుమీద వెళ్ళి కొన్నప్పుడు ఆయన ముఖమూ, వేళ్ళూ ఆ దస్తావేజులోకి ఎక్కాయి. ఆయన పేరు చెప్పి అమ్మినవాడి ముఖమూ, వేళ్ళూ కొత్త దస్తావేజులోకి ఎక్కాయి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే వాడు అక్కడికక్కడే దొరికేవాడు. ఎవరూ చూడలేదు. స్టాంపు సుంకం మాత్రం పైసాతో సహా లెక్క చూసుకున్నారు!

అమ్మేవాడికి హక్కుందో లేదో చూడటం రిజిస్ట్రారు పని కాదని సుప్రీంకోర్టు 2025లో ఒక తమిళనాడు నిబంధనను కొట్టివేస్తూ చెప్పింది. సరే. వచ్చినవాడు ఆ మనిషేనా అని చూడటం ఆయన పనే గదా! ఒకసారి రిజిస్టరయ్యాక దాన్ని రద్దుచేసే అధికారం ఆయనకు లేదని 2016లోనే అదే కోర్టు చెప్పింది. అంటే సివిల్ కోర్టుకు పోవాలి. మారువేషం వేసినవాడికి 82వ సెక్షను కింద ఏడేళ్ళదాకా జైలు ఉంది గాని, ముందు వాడు దొరకాలి.

ఇంగ్లండులో దొంగలు లేరని కాదు. ఖాళీ ఇళ్ళను ఇలాగే అమ్మేసిన కేసులు ఇక్కడా ఉన్నాయి. అయితే రిజిస్టరులో తప్పు పడి యజమాని నష్టపోతే ల్యాండ్ రిజిస్ట్రీ పరిహారం కట్టాలని 2002 చట్టంలో ఉంది. మన ఆస్తి రిజిస్టరులో ఏదైనా కదలిక వస్తే ఉచితంగా ఈమెయిలు పంపుతారు, పది ఆస్తులదాకా. గోడ ఎత్తు ఎంత అని ఎవరూ అడగరు.

రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలకూ ఒక మహజరు వ్రాసి ఉంచాను. అడిగింది ఒక్కటే: పాత దస్తావేజులోని ఫొటో, వేలిముద్ర తీసి చూడనిదే కొత్తది రిజిస్టరు చేయవద్దని. వచ్చే సమావేశానికి తెస్తాను. మొదటి సంతకం ఆ మిత్రులదే కావాలని నా కోరిక.