ఫిల్మ్ బాగుంది సరే... కీలు సంగతేంటి?

పశువైద్యుడైన మిత్రుడొకరు ఆ మధ్య నాకు ఓ ఎక్స్‌రే చూపించారు. అది ఇగ్వానా కాలిది. ఇగ్వానా అంటే ఈమధ్య కొందరు ఇళ్లలో పెంచుకుంటున్న పెద్ద బల్లి జాతి ప్రాణి. దాని కాలివేళ్ల కీళ్లు గోలీల్లా ఉబ్బిపోయి, కదలడమే మానేసిందట. ఫిల్మ్‌లో మాత్రం చుట్టూ వాపు నీడ తప్ప ఎముకలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

‘‘నార్మలే కదా’’ అన్నాను.

‘‘ఫిల్మ్ నార్మలే. వేలు నార్మల్ కాదుగా’’ అని నవ్వారాయన. ఆ వాపులోంచి సూదితో నమూనా తీస్తే సున్నంలా తెల్లటి పదార్థం వచ్చిందట. మైక్రోస్కోపు కింద పెడితే సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు. జబ్బు గౌట్!

ఇందులో వింతేం లేదు. ఒంట్లోని నత్రజని వ్యర్థాలను మనం ఎక్కువగా యూరియా రూపంలో వదిలేస్తాం. పక్షులు, నేలపై బతికే సరీసృపాల్లో చాలావరకు యూరిక్ యాసిడ్‌గా వదులుతాయి. కోడి రెట్టలో కనిపించే తెల్లటి భాగం అదే. కిడ్నీలు దెబ్బతిన్నా, ఒంట్లో నీరు బాగా తగ్గినా అది పేరుకుని కీళ్లలోకి చేరుతుంది. ఈ స్ఫటికాలకు కాల్షియం తోడైతే తప్ప ఎక్స్‌రేలో సరిగా కనిపించవు. ఎముకలో గుంటలు కనిపించాయంటే జబ్బు అప్పటికే ముదిరిందని అర్థం. ఇక తాబేలు తుంటి, భుజం కీళ్లకు పైన డొప్ప అడ్డం. అందుకే వాటికి సీటీ స్కాన్ ఎక్కువ ఉపయోగం. పక్షులేమో నొప్పిని బయటపడనీయవు.

ఇవన్నీ తెలిసిన పశువైద్యులు ఎక్స్‌రేను ఒక సాక్ష్యంగా మాత్రమే చూస్తారు. రెండు కాళ్లనూ రెండు కోణాల్లో తీసి పోల్చుకుంటారు. వాపును తడిమి చూస్తారు, రక్తం పరీక్షిస్తారు. అవసరమైతే సూదితో నమూనా తీస్తారు.

మనుషుల దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతి తప్పుతోంది. నా బాధంతా ఇదే.

యాభై దాటిన ఓ కౌలు రైతు వాచిన మోకాలితో, జ్వరంతో మా ఓపీకి వచ్చారు. చేతిలో ‘నార్మల్’ అని రాసిన ఎక్స్‌రే రిపోర్టు. రక్తంలో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ. ఆ రెండు కాగితాలు చూసి బయట గౌట్ అని తేల్చి, తొమ్మిది రోజులు నొప్పి ఇంజెక్షన్లు చేశారు. మేం మోకాల్లో సూది పెడితే చీము వచ్చింది. ఆర్థోపెడిక్ డాక్టర్లు వెంటనే కీలు శుభ్రం చేశారు. ప్రాణం దక్కింది. మోకాలు మాత్రం పూర్తిగా మడవలేకపోతున్నారు. ఇక ఆయన పొలంలో కూర్చుని కలుపు తీయలేరు.

ఇన్ఫెక్షన్ సోకిన కీలు మొదటి వారం పది రోజులు ఎక్స్‌రేలో మామూలుగానే కనిపించవచ్చు. లోపల మృదులాస్థి దెబ్బతినడానికి మాత్రం కొద్ది రోజులు చాలు. యూరిక్ యాసిడ్ నమ్మకం కూడా అంతంతే. అది ఎక్కువున్న వారిలో చాలామందికి గౌట్ రాదు. గౌట్ నొప్పి ఉద్ధృతంగా ఉన్నప్పుడు పరీక్షిస్తే నార్మల్‌గానూ రావచ్చు. ఇక నొప్పి మందులంటారా, పశువులకు వాడిన డైక్లోఫెనాక్ రాబందులనేం చేసిందో చూశాం. ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి, లోపలి అవయవాలపై యూరిక్ యాసిడ్ పేరుకుని చనిపోయాయి. 2006లో మన దేశం పశువులకు ఆ మందును నిషేధించింది. మన కిడ్నీలు అంత సున్నితం కాకపోవచ్చు గానీ, రోజుల తరబడి నొప్పి ఇంజెక్షన్లు వాటికీ మంచివి కావు.

స్కానింగులకు నేను వ్యతిరేకిని కాను. మృదులాస్థిపై పేరుకున్న స్ఫటికాల పొర అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తుంది. డ్యూయల్ ఎనర్జీ సీటీ అయితే వాటిని రంగులో చూపిస్తుంది. కానీ జబ్బు కొత్తగా మొదలైనప్పుడు ఇవీ తప్పిపోవచ్చు. పైగా కీలులో గౌట్, ఇన్ఫెక్షన్ రెండూ కలిసి ఉండే అవకాశమూ ఉంది.

టైరనోసారస్ జాతి డైనోసార్లకూ గౌట్ వచ్చేదని 1997లో ‘నేచర్’ పత్రికలో పరిశోధకులు రాశారు. చేతి ఎముకల్లోని గుంటలే వారికి ఆధారం. కోట్ల ఏళ్ల కిందటి జీవి కాబట్టి వారికి మిగిలింది ఎముకలే. మన ముందున్న రోగి కీలులో నీరుంది. దాన్ని పరీక్షించకుండా ఎముక బొమ్మతోనే సరిపెట్టుకోవడం ఎందుకు?

అందుకే జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో కీలు నీటి పరీక్ష రాత్రీపగలూ అందుబాటులో ఉండాలి. కణాల లెక్క, బ్యాక్టీరియా పరీక్ష, కల్చర్, స్ఫటికాలను గుర్తించే పోలరైజింగ్ మైక్రోస్కోపు ఉండాలి. ఎంఆర్ఐ యంత్రం ఖర్చుతో పోలిస్తే ఇదెంత!

పాఠకులకు ఒక్క మాట. ఒకే కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం కూడా ఉంటే అసలు ఆలస్యం వద్దు. ఎక్స్‌రే నార్మల్ అన్నారని ఇంటికి తిరిగి రావొద్దు. ‘కీలులో నీరు తీసి పరీక్షించాలా డాక్టర్?’ అని అడగండి. శిక్షణ ఉన్న డాక్టర్ చేస్తే అది కొద్ది నిమిషాల పని.

ఆ ఇగ్వానా నోరు లేని జీవి. అయినా దాని డాక్టర్ ఫిల్మ్ పక్కన పెట్టి వేలు పట్టుకుని చూశారు. నొప్పి, జ్వరం అని నోరారా చెప్పుకునే మనిషికి ఆపాటి శ్రద్ధ దక్కాలి కదా!